హాలు మూలకు మొక్కెందుకు?

ఇల్లు సర్దుకోవడం గురించి ఈమధ్య ఏ ఆదివారం అనుబంధం తిరగేసినా, ఏ ఇంటీరియర్ డిజైనర్‌ని కదిపినా ఒకటే పాట. బూడిదరంగు సోఫా పక్కన ఫిడిల్ లీఫ్ ఫిగ్. టీవీ యూనిట్‌కి అటొకటి ఇటొకటి స్నేక్ ప్లాంట్. భోజనాల బల్ల మీద పీస్ లిల్లీ. స్నానాలగదిలో జీజీ ప్లాంట్. మూల ఖాళీగా కనిపిస్తే అరెకా పామ్. అందానికి అందం, పైగా గాలి శుభ్రపడుతుంది, రాత్రిళ్లు ఆక్సిజన్ ఇస్తాయి, ఎండ అక్కర్లేదు, వారానికోసారి నీళ్లు పోస్తే చాలు అని హామీలు.

ఈ హామీల్లో ఒక్కటి కూడా గట్టిగా నిలదీస్తే నిలవదు. అంతకంటే ముఖ్యం, వీటన్నిటికీ కింద ఉన్న సూత్రమే తప్పు: గదికి ఏది నప్పుతుందో చూసి మొక్కను తెచ్చుకోవాలనేది. కర్టెన్‌ని అలా ఎంచుకోవచ్చు, కార్పెట్‌ని ఎంచుకోవచ్చు. తిండి కావలసిన ప్రాణిని అలా ఎంచుకోకూడదు. మొక్కకు తిండి వెలుతురు. అది మన ఇంట్లో ఎక్కడ, ఎంత పడుతోందో తేలాకే ఏ మొక్క అన్న ప్రశ్న రావాలి. అలంకరణ సలహాల్లో ఆ ప్రశ్న చివర్లో వస్తుంది, చాలాసార్లు అసలు రాదు.

ముందు గాలి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఈ మొక్కలు అమ్ముడుపోయేది ఆ మాట మీదే. నర్సరీ బోర్డు మీద, ఆన్‌లైన్ ప్రకటనలో "నాసా చెప్పింది" అని ఉంటుంది. నాసా ఏం చెప్పింది? 1989లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఉన్న స్టెనిస్ అంతరిక్ష కేంద్రంలో బి.సి. వుల్వర్టన్ బృందం కొన్ని ప్రయోగాలు చేసింది. అన్ని వైపులా మూసి ఉండే అంతరిక్ష నివాసాల్లో గాలిని ఎలా బాగుచేయాలన్నది వాళ్ల చింత. గాలి చొరబడని పారదర్శకమైన పెట్టెలో మొక్కను పెట్టి, లోపలికి బెంజీన్, ట్రైక్లోరోఇథిలీన్, ఫార్మాల్డిహైడ్ ఎక్కించి, కొన్ని గంటల తర్వాత ఎంత తగ్గిందో కొలిచారు. తగ్గింది, నిజమే. అయితే ఆ పనిలో ఆకుల కంటే వేళ్ల చుట్టూ ఉన్న మట్టి, అందులోని సూక్ష్మజీవుల పాత్రే పెద్దదని ఆ నివేదికే రాసింది. ఆ అధ్యయనంలో అమెరికా లాండ్‌స్కేప్ కాంట్రాక్టర్ల సంఘం భాగస్వామి అన్న సంగతి బోర్డు మీద ఎవరూ రాయరు.

మన ఇల్లు మూత పెట్టిన పెట్టె కాదు. తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. 2019లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ కమింగ్స్, మైకేల్ వేరింగ్ అంతకుముందు వచ్చిన పన్నెండు అధ్యయనాలను, వాటిలోని 196 ప్రయోగాలను దగ్గర పెట్టుకుని లెక్క కట్టారు. మామూలుగా లోపలికీ బయటికీ ఆడే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటుకి తక్కువలో తక్కువ చూసుకున్నా తొమ్మిది వందల పైచిలుకు కుండీలు. మంచం వేసుకోవడానికి చోటుండదు. 2009లో కమల్ మీటల్ అనే ఢిల్లీ వ్యాపారవేత్త టెడ్ ప్రసంగాల వేదిక మీద అరెకా పామ్, స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ మూడూ చాలు అని చెప్పి దేశమంతా ప్రచారం తెచ్చారు. ఆయన కార్యాలయ భవనంలో 300 మందికి 1200 మొక్కలున్నాయి. ఒక్కో మనిషికి భుజాల ఎత్తు అరెకా పామ్‌లు నాలుగు కావాలని ఆయనే చెప్పారు. ఆ లెక్కను వదిలేసి, పేర్లు మాత్రం మనవాళ్లు పట్టుకొచ్చారు. కిటికీ తెరిస్తే ఉచితంగా అయ్యే పనికి రెండు కుండీలను పూచీ పెడుతున్నాం.

రాత్రి ఆక్సిజన్ మాట ఇంకా విచిత్రం. స్నేక్ ప్లాంట్, కలబంద లాంటివి ఎండ మండే చోట పుట్టినవి. పగలు ఆకు రంధ్రాలు తెరిస్తే నీరంతా ఆవిరైపోతుంది కాబట్టి వాటిని రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ని లోపలికి తీసుకుని దాచుకుంటాయి. తెల్లవారాక వెలుతురులో దాన్ని వాడుకుంటాయి. ఆక్సిజన్ పుట్టేది నీరు విడిపోయే దశలో, దానికి వెలుతురు ఉండి తీరాలి. దీపాలార్పిన పడకగదిలో ఏ మొక్కా ఆక్సిజన్ తయారు చేయదు. రాత్రి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుందన్న మాట చేతులు మారుతూ వచ్చి రాత్రి ఆక్సిజన్ ఇస్తుందన్న మాటగా స్థిరపడింది. ఒకవేళ ఇచ్చినా ఒరిగేదేమిటి? మనిషికి రోజుకు 550 లీటర్ల దాకా ఆక్సిజన్ ఖర్చవుతుంది. మంచం పక్కన జానెడు కుండీలోని అయిదారు ఆకులు అందులో తీర్చే బాకీ ఎంతో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

ఇక వెలుతురు. అసలు గొడవంతా ఇక్కడే.

మన కన్ను వెలుతురు కొలవడానికి పనికిరాదు. మిట్టమధ్యాహ్నం వీధిలోంచి హాల్లోకి వస్తే రెండు నిమిషాలు చీకటి కమ్మినట్టుంటుంది, తర్వాత అంతా మామూలే. కన్ను సర్దుకుంది తప్ప గదిలో వెలుగేమీ పెరగలేదు. ఆకుకు ఆ సర్దుబాటు లేదు. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. వేసవి మధ్యాహ్నం ఆరుబయట అది లక్ష లక్సుల దాకా ఉంటుంది. కిటికీకి ఆనుకుని, ఎండ నేరుగా పడని చోట, కొన్ని వేలు. అక్కడి నుంచి మూడు మీటర్లు లోపలికి, సోఫా పక్క మూలకు వెళ్తే వందో రెండు వందలో. కర్టెన్ లాగితే అదీ లేదు. ఫోన్లో లక్సులు చూపించే ఉచిత యాప్‌లున్నాయి. అంకె పక్కాగా ఉండకపోయినా తేడా తెలుస్తుంది. అదీ వద్దనుకుంటే, పగలు పదకొండింటికి మొక్క పెట్టాలనుకున్న చోట తెల్లకాగితం పరిచి, దానికి జానెడు పైన అరచెయ్యి చాపండి. వేళ్ల నీడలు విడివిడిగా పడితే చాలా మొక్కలు బతుకుతాయి. మసక మరక పడితే నీడను ఓర్చేవి కొన్ని. నీడే పడకపోతే అక్కడ మొక్క మాట మర్చిపోవాలి.

"ఇది షేడ్ ప్లాంట్ సార్, ఎండే అక్కర్లేదు" అంటాడు అమ్మేవాడు. అతని తప్పేం లేదు, అతను నిలబడి చెబుతున్న చోటు చూడండి. నర్సరీల ఊరు కడియపులంకలో ఆ మొక్క పెరిగింది పచ్చ షేడ్ నెట్ కింద. ఆ నెట్ సగం ఎండను ఆపినా మిగతా సగం మధ్యాహ్నానికి యాభై వేల లక్సులు. కింద రోజూ తడి, గాలిలో గోదావరి చెమ్మ. అక్కడ లారీ ఎక్కిన మొక్క నాలుగు రోజుల్లో హైదరాబాద్ ఫ్లాటులో ఏసీ కింద, వంద లక్సుల మూలలో తేలుతుంది. నర్సరీ నీడ వేరు, హాలు నీడ వేరు. అడవి నీడా వేరే. మాన్‌స్టెరా దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న అడవుల్లో పెద్ద చెట్లను పట్టుకుని వెలుతురు వైపు పైకి పాకే తీగ. ఫిడిల్ లీఫ్ ఫిగ్ పశ్చిమాఫ్రికా అడవుల్లో నిలువెత్తు వృక్షం, మన మర్రికీ రావికీ దాయాది. రావిచెట్టు తెచ్చి టీవీ పక్కన పెట్టమంటే నవ్వుతాం, దాని దాయాదికి మాత్రం వేలు పోసి పింగాణీ కుండీ కొంటాం.

జీజీ ప్లాంట్‌ని అందరూ ముందుకు తోస్తారు. చీకట్లో పెట్టినా చావదు, చూశారా అంటారు. తూర్పు ఆఫ్రికా నుంచి దక్షిణాఫ్రికా దాకా నెలల తరబడి వాన పడని చోట్ల పెరిగే మొక్క అది. మట్టిలోపల దానికి దుంపలుంటాయి, వాటిలో నీరూ పిండిపదార్థమూ దాచుకుంటుంది. వెలుతురు చాలకపోతే, రోజు సంపాదన రోజు ఖర్చుకు రానివాడు డిపాజిట్ విరగ్గొట్టి తిన్నట్టు, ఆ నిల్వ తింటూ నిలబడుతుంది. ఏడాది గడిచినా కొత్త కొమ్మ రాదు. ఉన్న ఆకులు అలాగే మెరుస్తుంటాయి కాబట్టి బాగుందనుకుంటాం. ఒకరోజు కాడ మొదట్లో మెత్తబడి ఒరిగిపోతుంది. చావని మొక్క అన్న పేరు దానికి వచ్చింది చావడానికి చాలాకాలం తీసుకుంటుంది కాబట్టి.

మరి హోటల్ లాబీల్లో, హైటెక్ సిటీ ఆఫీసుల్లో కిటికీలకు ఆమడ దూరంలో కూడా పచ్చగా కళకళలాడుతున్నాయి కదా అంటారు. ఆ పచ్చదనం అద్దెది. కుండీలు అద్దెకిచ్చే నర్సరీవాళ్లు కొన్ని వారాలకోసారి వచ్చి, వాడిన మొక్కలను వ్యాన్‌లో ఎక్కించి తీసుకెళ్తారు, కోలుకున్న వాటిని తెచ్చి అవే కుండీల్లో దించుతారు. తీసుకెళ్లినవి షేడ్ నెట్ కింద నెలా రెండు నెలలు వెలుతురు తిని తేరుకున్నాక ఇంకో ఆఫీసుకి. పగలంతా లిఫ్టు దగ్గర మనం చూసే అరెకా పామ్ పోయిన నెల చూసిన అరెకా పామ్ కాదు. అలంకరణ పత్రికల్లోని ఫొటోల సంగతీ అంతే. ఫొటో తీసే రోజు మొక్క అక్కడ ఉందన్నదానికే ఆ ఫొటో సాక్ష్యం, ఆరు నెలల తర్వాత ఉందన్నదానికి కాదు. ఆ బొమ్మను చూసి మనం ఇంట్లో ఒకటే మొక్కతో, మార్చడానికి రెండోది లేకుండా, పోటీ పడుతున్నాం. మొక్క పోయాక "నా చెయ్యి మంచిది కాదు" అనుకుని ఇంకోటి కొనుక్కుంటున్నాం. ఎవరికి లాభమో చెప్పనక్కర్లేదు.

ఇంకో తిరకాసుంది. మన దగ్గర చెలామణి అవుతున్న సలహాల్లో చాలా భాగం లండన్, న్యూయార్క్ ఇళ్ల కోసం రాసినవి, వాటిని ఉన్నవున్నట్టు దించేస్తున్నారు. దక్షిణపు కిటికీలో ఎండ ఎక్కువ, ఉత్తరపు కిటికీలో నీడ అన్నది అక్కడి నిజం. లండన్ 51 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణాన్నే ఉంటాడు. హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల మీద. మే రెండో వారంలో సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు, ఆగస్టు మొదట్లో గానీ మళ్లీ వెనక్కి రాడు. ఆ మూడు నెలలు మధ్యాహ్నం పూట దక్షిణపు కిటికీలోకి నేరుగా ఎండే పడదు. ఉత్తరపు గోడకు పొద్దునా సాయంత్రమూ ఏటవాలు ఎండ తగులుతుంది. డిసెంబర్ వచ్చేసరికి అంతా తారుమారై దక్షిణపు కిటికీలోంచి ఎండ హాల్లోకి బారెడు పాకుతుంది. పడమటి కిటికీ సంగతి విజయవాడవాళ్లకో రామగుండంవాళ్లకో చెప్పాలా? ఏప్రిల్లో నాలుగు గంటల ఎండకు అద్దం వెనక పీస్ లిల్లీ ఆకుల అంచులు మాడిపోతాయి. వాస్తు చూసి, తూర్పు ముఖమా ఉత్తర ముఖమా అని నెలల తరబడి తర్జనభర్జన పడి ఫ్లాటు కొనేవాళ్లం మనం. మొక్క కొనేటప్పుడు మాత్రం దిక్కు ఊసెత్తం.

నీళ్ల మాట. వారానికోసారి అన్న సూత్రం ఎవరు పెట్టారో గానీ, ఇంటి మొక్కల్లో ఎండి చచ్చేవాటికంటే కుళ్లి చచ్చేవే ఎక్కువ. వెలుతురు తక్కువైన చోట ఆకు నీటిని తక్కువ తాగుతుంది, మట్టి తడారదు. జూలై ముసురులో పది రోజులైనా ఆరదు. మేలో ఫ్యాను గాలికి రెండు రోజుల్లో ఆరుతుంది. క్యాలెండర్ చూసి పోసేవాడికి ఈ తేడా తెలియదు. రెండో కణుపు దాకా వేలు మట్టిలో గుచ్చి చూసేవాడికి తెలుస్తుంది. పైగా అలంకరణ కుండీ అనేదొకటి. మొక్కేమో నర్సరీ ఇచ్చిన నల్ల ప్లాస్టిక్ కుండీలోనే ఉంటుంది, దాన్ని తీసుకెళ్లి అడుగున చిల్లు లేని పింగాణీ కుండీలో దింపుతారు. పైన తెల్ల గులకరాళ్లు పోస్తారు, మట్టి కనిపిస్తే అందం చెడుతుందని. ఆ గులకరాళ్ల వల్ల మట్టి తడిగా ఉందో ఎండిందో చూసే దారి మూసుకుపోయింది. పనమ్మాయి పోసిన నీళ్లు, అమ్మ పోసిన నీళ్లు, తెలియక అబ్బాయి మళ్లీ పోసిన నీళ్లు అన్నీ కిందకు దిగి పింగాణీ అడుగున రెండు వేళ్ల మందాన నిలబడతాయి. నల్ల కుండీని పైకెత్తి చూడండి. మురుగు వాసన, గోధుమరంగుకి తిరిగి పట్టుకుంటే జారిపోయే వేళ్లు, కాస్త ఓపిగ్గా చూస్తే తలకిందులుగా వేలాడుతూ కదిలే దోమ పిల్లలు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు ఇలాంటి నిలవ నీటి గిన్నెలే ఇష్టం. వెచ్చటి రోజుల్లో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే అని వచ్చే ఆరోగ్య సిబ్బంది టైర్లు, కూలర్లు, కొబ్బరి చిప్పలు అడుగుతారు. హాల్లోని పింగాణీ కుండీని ఎత్తి చూపించమని మనమే అనాలి. మనీ ప్లాంట్ పెట్టిన గాజు సీసాదీ ఇదే కథ.

ఇంట్లో పాకే పాపాయి ఉంటే ఇంకొక్క మాట. డైఫెన్‌బాకియా, పీస్ లిల్లీ, మాన్‌స్టెరా, అగ్లోనిమా, మనీ ప్లాంట్ అన్నీ చేమ కుటుంబానివి. పచ్చి చేమదుంప కోసినప్పుడు చేతులు దురద పెట్టే ఆ సూది స్ఫటికాలే వీటి ఆకుల్లోనూ ఉంటాయి. నమిలితే నోరు మండి, నాలుక వాస్తుంది. అలంకరణ సలహాలు వీటిని నేల మీద, సరిగ్గా చంటిపిల్లలకూ కుక్కపిల్లలకూ అందే ఎత్తులో పెట్టమంటాయి.

అసలు ఈ అలవాటు ఎక్కడ పుట్టిందో తెలిస్తే మనకు ఎందుకు అతకడం లేదో తెలుస్తుంది. 1829లో లండన్ తూర్పు పేటలో నేథనియల్ బాగ్‌షా వార్డ్ అనే వైద్యుడుండేవాడు. ఆయనకు ఫెర్న్ మొక్కలంటే ప్రాణం, ఆ ఊరి బొగ్గు పొగకు పెరట్లో ఒక్కటీ బతికేది కాదు. రెక్కల పురుగు గూడు ఒకటి తడిమట్టిలో పెట్టి, సీసా మూత బిగించి వదిలేస్తే, కొన్నాళ్లకు ఆ మట్టిలోంచి ఫెర్న్ మొలిచింది. దాంతో గాజు పెట్టెల్లో మొక్కలు పెంచడం మొదలై, కొద్ది దశాబ్దాల్లో విక్టోరియా కాలపు ముందుగదులన్నీ ఫెర్న్‌లతో నిండిపోయాయి. తర్వాత గ్యాస్ దీపాల పొగనూ చీకటినీ కూడా తట్టుకునే ఆస్పిడిస్ట్రా వచ్చి, మధ్యతరగతి పరువుకు గుర్తుగా కిటికీల్లో కూర్చుంది. ఆ పరువునే ఎద్దేవా చేస్తూ జార్జ్ ఆర్వెల్ 1936లో రాసిన నవల పేరులోనే ఆ మొక్క ఉంది. ఇంగ్లండ్‌వాళ్లకు ఇంట్లో మొక్క ఒక అవసరం. ఆరు నెలలు చలి, బయట పొగ, తలుపు తీయలేరు. పచ్చదనం కావాలంటే లోపలికే తెచ్చుకోవాలి. మన ఇళ్లు అలా కట్టలేదు. మండువా లోగిలిలో ఆకాశమే నట్టింట్లోకి దిగేది. అరుగు మీద కూర్చుంటే ఎదురుగా నందివర్ధనం, వెనక పెరట్లో కరివేప, బావి గట్టున కనకాంబరాలు. తులసమ్మను కూడా కోట కట్టి ఆరుబయటే నిలబెట్టారు. ఎంత భక్తి ఉన్నా తులసిని పూజగదిలో పెంచమని ఏ అమ్మమ్మా చెప్పలేదు, అది లోపల బతకదని ఆమెకు తెలుసు.

విదేశీ మొక్కల మీద కోపంతో ఈ మాటలంటున్నాననుకుంటారేమో, కాదు. మన బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది, కాగితంపూల తీగ దక్షిణ అమెరికాది, కూరలోకి వేసే మిరపకాయ మెక్సికోది. వచ్చినవి వచ్చి ఎండలో నిలబడ్డాయి, మనవైపోయాయి. పుట్టిన దేశం గురించి నాకు పేచీ లేదు. పెట్టే చోటు గురించే.

"గాలి సంగతి ఎలా ఉన్నా, పచ్చదనం చూస్తే మనసుకు హాయి కదండీ" అని ఒక వాదం ఉంది. ఇది కొట్టిపారేసేది కాదు. దీనికి మద్దతుగా తరచూ వినిపించే పరిశోధన రోజర్ అల్రిచ్‌ది, 1984లో సైన్స్ పత్రికలో వచ్చింది. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న రోగుల్లో, కిటికీలోంచి చెట్లు కనిపించేవాళ్లు ఇటుక గోడ కనిపించేవాళ్లకంటే తొందరగా ఇంటికెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ అడిగారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ చెట్లు కిటికీ అవతల ఉన్నాయి. వేళ్లూని, వాన తాగి, కాలానికి తగ్గట్టు రంగు మార్చే చెట్లు. రోజుకో పసుపు ఆకు రాలుస్తూ సోఫా పక్కన నిలబడ్డ ఫిగ్ మొక్క ఎవరికి హాయినిస్తుంది? పొద్దున్నే లేచి రాలిన ఆకు ఏరి, ఏం తక్కువైందా అని మథనపడటం హాయి కింద జమ వేయలేం. మనసుకు పచ్చదనం కావాలన్నవాళ్లు ముందు చేయాల్సిన పని, కిటికీకి అడ్డంగా పెట్టిన బీరువాను జరపడం, బాల్కనీకి బిగించిన రంగు అద్దాలు తీసేయడం. ఆ బాల్కనీని గదిలో కలిపేసుకుని, అక్కడున్న కుండీలను పనివాళ్లకిచ్చేసి, తర్వాత ఇంటీరియర్ డిజైనర్ని పిలిచి "కాస్త గ్రీనరీ కావాలండీ" అనడం నాకు మాత్రం వింతగానే ఉంటుంది.

బాల్కనీయే లేని ఒంటి గది ఇళ్లవాళ్ల మాటేమిటి? వాళ్లకు ఒక కిటికీ ఉంటుంది, దానికి గ్రిల్ ఉంటుంది. కుండీ గ్రిల్ లోపలి గట్టు మీద ఉండాలి, బయటికి వేలాడదీస్తే కింద పోయేవాళ్ల నెత్తి మీద పడుతుంది. పొద్దుటి ఎండ రెండు గంటలు పడే ఆ గట్టు, డిజైనర్ చూపించే హాలు మూలలన్నిటికంటే విలువైన చోటు.

అక్కడ ఏం పెట్టాలంటే, నన్నడిగితే తమలపాకు తీగ. మనీ ప్లాంట్‌ని మెచ్చుకునే కళ్లకు తమలపాకు ఎందుకు ఆనదో నాకు అర్థం కాదు. అదే గుండె ఆకారం, అంతకంటే నున్నటి నిగనిగ, ఈనెలు లోతుగా దిగి ఆకంతా ఇస్త్రీ మడత పెట్టినట్టు తీర్చి ఉంటుంది. గుంటూరు జిల్లా పొన్నూరు చుట్టుపక్కల తోటల్లో దాన్ని అవిసె చెట్ల నీడన పాకిస్తారు, అంటే నెత్తిన మండే ఎండ దానికి పడదు, చెట్టు కింద జల్లెడ పట్టిన వెలుతురు చాలు. తూర్పు కిటికీలో సరిగ్గా దొరికేది అదే. కుండీ అడుగున చిల్లు, ఎర్రమట్టిలో సగం పశువుల ఎరువు, పాకడానికి కొబ్బరి పీచు చుట్టిన కర్ర. వేసవిలో రోజూ నీళ్లు, ఆకుల మీద కాస్త చిలకరింపు. ముసురులో వేలితో చూసి పోయడం. పేరంటానికి నాలుగు ఆకులు కోసుకోవచ్చు, పిల్లాడు నమిలినా నోరు వాయదు. ఎండ బాగా పడే దక్షిణపు, పడమటి గ్రిల్ అయితే వామాకు, కలబంద. కొంచెం ఎండ, కొంచెం నీడ పడే బాల్కనీ మూలకు కనకాంబరం. ఉత్తరపు కిటికీ గట్టు మీద, ఎండ లేకపోయినా వేళ్ల నీడ పడేంత వెలుతురుంటే, అక్కడ నిక్షేపంగా స్నేక్ ప్లాంట్ పెట్టుకోండి, అగ్లోనిమా పెట్టుకోండి. వాటికి నేనేమీ శత్రువుని కాను. కిటికీ గట్టు మీద స్నేక్ ప్లాంట్‌కి ఏటా రెండు మూడు కొత్త ఆకులు పొడుచుకొస్తాయి, దాన్ని మూలకు నెట్టినవాళ్లు ఆ మొలకను ఎప్పుడూ చూడరు.

మరి ఆ మూల? సోఫా పక్క చీకటి మూల అలాగే బోసిగా ఉండాలా? అక్కర్లేదు. అక్కడ ఒక దీపం పెట్టండి, మూల చీకటిగా ఉందన్నదే కదా సమస్య. అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె తోమి పెట్టండి. ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి బొమ్మలు, నిర్మల్ పెయింటింగ్, వీటిలో ఏదైనా ఆ మూలను నిండుగా చూపిస్తుంది, వాటికి నీళ్లక్కర్లేదు, ఎండ తగిలితేనే రంగు వెలిసిపోతుంది. పచ్చగానే కనిపించాలని పట్టుదల ఉంటే ప్లాస్టిక్ మొక్క పెట్టుకోండి. దుమ్ము పడుతుంది, చూసినవాళ్లు మూతి తిప్పుతారు, అయినా అక్కడ ఏదీ ఆకలితో చావదు.

డిజైనర్లకు ఒక విన్నపం. మీరిచ్చే కొటేషన్లో మొక్కల పద్దు రాసే ముందు, ఆ ఇంటి కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో, ఎదురు అపార్ట్‌మెంట్ ఎంత దగ్గరగా ఉందో, రోజూ నీళ్లు పోసే మనిషి ఎవరో మూడు గళ్లు గీసి నింపండి. నింపలేకపోతే ఆ పద్దు కొట్టేయండి. కొనేవాళ్లు చేయాల్సింది ఇంకా తక్కువ. ఈ ఆదివారం నర్సరీకి బయల్దేరే ముందు, తెల్లకాగితం ఒకటి తీసుకుని ఇంట్లో నాలుగు చోట్ల పరిచి చెయ్యి చాపి చూడండి. ఎక్కడా నీడ పడకపోతే ఆ డబ్బుతో ఒక మంచి దీపం కొనుక్కోండి.